బొరుగుల బండి హారన్

దయ్యాలున్నాయా లేవా అనే వాదన మా ఇంట్లో ఎప్పుడూ జరగలేదు. నేను జరగనివ్వలేదు. బస్సు డిపోలో స్టోర్స్ చూసుకున్న మనిషిని. ఉద్యోగమంతా నట్లు, బోల్టులు, బ్రేకు లైనర్ల మధ్యే గడిచింది. శబ్దం వచ్చిందంటే ఎక్కడో ఏదో వదులైందని అర్థం. అదేదో కనిపెట్టి బిగిస్తే శబ్దం ఆగుతుంది. నాకు తెలిసిన వేదాంతం ఇంతే. డిపో వెనక పాత బస్సులు పడేసిన చోట ఎవరో ఏడుస్తున్నారని వాచ్‌మన్ సెలవు పెట్టి పోతే, వెళ్ళి చూసి, గాలికి కొట్టుకుంటున్న రేకును తీగతో కట్టి వచ్చాను.

ఇంకో మాట. చదువుకునే రోజుల నుంచీ డైరీ రాస్తున్నాను. ఎండా వానా, ఎవరొచ్చారు, ఎక్కడికి వెళ్ళాను, అంతే. అభిప్రాయాలు రాయను. ఈ సంగతి కూడా అలాగే రాయాలని కూర్చున్నాను. కుదురుతుందో లేదో చూడాలి.

మా తమ్ముడి కూతురు శైలజ బనగానపల్లెలో ఉంటుంది. భర్త బడిపంతులు. రెండేళ్ళ కిందట ఆమె ఒక మామిడితోటను గుత్తకు తీసుకుంది. మండీకి వేయకుండా, మగ్గిన పండ్లను తనే కర్నూలు, కడప దుకాణాలకు చేర్చి అమ్మాలని ఆమె ఆలోచన. ఆలోచన మంచిదే, కానీ మొదటి కాపు సగం చెట్ల కిందే కుళ్ళింది. కారణం బండి. పండు సిద్ధమైన రోజు ఆటో రాదు, ఆటో వచ్చిన రోజు పండు పచ్చిగా ఉంటుంది. ఈ కాపు కూడా ఇలాగే పోతే తోట వదిలేయాల్సిందేనని అత్తగారు తేల్చి చెప్పారు. శైలజకు ఆ తోటంటే ప్రాణం. చెట్లకు పేర్లు కూడా పెట్టుకుంది.

ఆమె ఫోన్ చేసింది. "పెద్దనాయనా, నాకొక వ్యాను కావాల. పాతదే, చవకది. ఎట్లున్నా పర్వాలేదు, దారిలో మాత్రం నిలబడకూడదు. నువ్వే చూసి పెట్టాల."

రిటైరయ్యాక నన్నొక వస్తువు చూసి పెట్టమని అడిగినవాళ్ళు లేరు. ఆ రాత్రి నాకు సంతోషంతో సరిగా నిద్ర పట్టలేదని దాచకుండా చెప్తున్నాను.

మైదుకూరులో మా ఇంటికి రెండు వీధుల అవతల మహబూబ్ బాషా ఉంటాడు. మా డిపోలోనే డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. నేను విడిభాగాలు చూసి బండి సంగతి చెప్పగలను, అతను తోలి చెప్పగలడు. ఇద్దరం కలిసి బయలుదేరాం. ఇస్త్రీ చొక్కాలు వేసుకుని గుమ్మం దిగుతుంటే మా ఆవిడ పక్కింటామెతో, "సూడు, ముసిలోళ్ళిద్దరూ పెండ్లిచూపులకు పోతాండారు" అంది.

పెళ్ళిచూపులే అయ్యాయి. మైదుకూరులో చూసిన మొదటి వ్యాను చేపలు మోసింది. ఉప్పునీళ్ళకు అడుగు రేకు జల్లెడైపోయింది. దాని తలుపు తీయకముందే బాషా ముక్కు మూసుకుని వెనక్కి తిరిగాడు. కడపలో చూసినది నిగనిగలాడే కొత్త రంగులో ఉంది. నేను జేబులోంచి దారం కట్టిన అయస్కాంతం తీసి ఆనించాను. ఎక్కడా అతుక్కోలేదు. రంగు కింద అంతా పుట్టీయే. అమ్మేవాడికి చిరాకెత్తి, "ఏమప్పా, బండి కొంటాండావా, జాతకం చూస్తాండావా?" అన్నాడు. బేతంచెర్లలో చూసినది నాపరాళ్ళు మోసిన బండి. ఖాళీగా నిలబడినా వెనకభాగం నేలకు వంగే ఉంది.

"ఇది బండి కాదప్పా సుబ్బయ్యా, నడుము పడిన గాడిద" అన్నాడు బాషా.

అక్కడే నాకొక సూత్రం దొరికింది. పాత బండి కొనేవాళ్ళందరూ ఎన్ని కిలోమీటర్లు తిరిగిందని అడుగుతారు. మీటరులో ఆ అంకెలను వెనక్కి తిప్పడం పెద్ద పనేమీ కాదు. అడగాల్సింది ఏం మోసిందని. రాయి మోసిన బండికి బరువు ఆపే కమాన్లు చచ్చిపోతాయి, చేప మోసిన బండికి రేకు చస్తుంది. మోసిన సరుకు గుర్తులు బండి ఒళ్ళంతా మిగులుతాయి.

డోన్‌లో ఒక వ్యాను అమ్మకానికుందని ఎవరో చెబితే వెళ్ళాం. రైలు పట్టాల పక్క సందులో, టార్పాలిన్ కప్పి ఉంది. అమ్మేది ఖాజాబీ అనే పెద్దావిడ. భర్త హుసేన్ సాబు బొరుగుల వ్యాపారం, అంటే మరమరాల వ్యాపారం చేసేవాడు. చుట్టుపక్కల పల్లెలకు బొరుగుల మూటలు వేసుకుని పోయి అమ్మి వచ్చేవాడు. ఆయన పోయినప్పటి నుంచి బండి కదల్లేదు.

వెనక తలుపు తీశాను. మూల మూలల్లో, సీటు బిగించిన బోల్టుల సందుల్లో కూడా బొరుగులే. నాకు ప్రాణం లేచి వచ్చింది. బాషా బొరుగు గింజ ఒకటి తీసి వేళ్ళ మధ్య నలిపి నవ్వాడు.

"సుబ్బయ్యా, ఈ బండి పుట్టినకాడి నుంచి బరువంటే ఎరగదు. గాలిని మూట కట్టి మోసింది."

అయినా పరీక్ష పరీక్షే. ఇంజను కింద కాగితం పరిచాను. నూనె చుక్క పడలేదు. బ్యాటరీ అరువు తెచ్చి పెడితే, చల్లటి ఇంజను రెండో ప్రయత్నానికే అందుకుంది. ఇక మిగిలింది లోడు పరీక్ష. బరువు వేసి గుట్ట ఎక్కించకుండా నేను బండి ఒప్పుకోను. బస్తాల కోసం వెతుకుతుంటే, సందులో నిలబడి మా వేషాలు చూస్తున్న ఆడవాళ్ళు, "బస్తాలెందుకన్నా, మేము లేమా?" అన్నారు. ఒకరినొకరు తోసుకుంటూ ఎక్కేశారు. అందరికంటే భారీమనిషిని ముందు కూర్చోబెట్టి, "ఇదో, ఈమె ఒక్కతే రెండు బస్తాలు" అని ఒకావిడ అంటే, ఆమె కూడా పగలబడి నవ్వింది. ఊరి బయట గుట్ట ఎక్కే దారిలో బండి ఎక్కడా దగ్గలేదు, ఉసూరుమనలేదు. పైకి చేరాక ఆడవాళ్ళు కేకలు పెట్టారు. ఇంకోసారి ఎక్కించమన్నారు. బాషా ఎక్కించాడు కూడా.

ఒక్కటే లోపం. హారన్ మోగలేదు.

"ఆయన పోయినకాడి నుంచి అది నోరు తెరవలేదన్నా" అంది ఖాజాబీ. "వైరు మార్పించినా మోగలే. ఆయన కొడితే ఊళ్ళల్లో ఆడోళ్ళు గిన్నెలు ఎత్తుకొని ఉరికొస్తాండిరి."

హారన్ చిన్న సంగతి. బేరం కుదిరింది. బయలుదేరేముందు ఆమె చక్కెర పెట్టి ఫాతిహా చదివించింది. అందరి చేతుల్లో తలా చిటికెడు పెట్టి, ఒక గుప్పెడు బొరుగులు తెచ్చి స్టీరింగు ముందు పోసింది. "ఈ ఇంటి నుంచి ఆ బండి ఎన్నడూ ఉత్తగా పోలేదు" అంది. కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది.

మర్నాడు బనగానపల్లెలో హారన్ విప్పాను. పాడైన భాగాన్ని బండి మీద ఉంచకూడదన్నది నా అలవాటు. విప్పి, కాగితంలో చుట్టి, దుకాణానికి తీసుకుపోయి, కొత్తదాన్ని దాని పక్కన పెట్టి పోల్చి కొనాలి. అప్పుడే కొలతలో పొరపాటు రాదు. రెండు వైరు కొసలకూ విడివిడిగా టేపు చుట్టాను. హారన్‌ను పేపరులో చుట్టి నా గుడ్డసంచిలో పెట్టుకున్నాను. కొత్తది కర్నూలులో కొందామని అనుకున్నాం. ఎలాగూ మొదటి లోడు అక్కడికే.

బాషాకు ఇది నచ్చలేదు. "నోరు లేని కోడలినైనా చూసినా గానీ, హారన్ లేని బండిని చూడలేదప్పా. నన్నెట్లా తోలమంటావ్?"

"నీ నోరుంది గదా" అన్నాను.

అలాగే చేశాడు. అడ్డం వచ్చిన ప్రతి గొర్రెల మంద దగ్గరా కిటికీలోంచి తల బయటపెట్టి, "పోం పోం" అని అరుస్తూ తోలాడు. శైలజ మా ఇద్దరి మధ్య కూర్చుని నవ్వి నవ్వి చెంగు నోట్లో కుక్కుకుంది. బండి నిండా మగ్గిన బనగానపల్లె పండ్లు. ఆ వాసనకు దారిలో మోటారుసైకిళ్ళ వాళ్ళు కూడా మా వెనక నెమ్మదించి వచ్చారు.

కర్నూలులో నవ్వు ఆగిపోయింది. పండ్లు తెమ్మని చెప్పిన దుకాణదారుడు చేతులెత్తేశాడు. పొద్దున్నే వేరేచోటి నుంచి లారీ వచ్చిందట. చవకగా దొరికిందట. ఇంకో రెండు మూడు దుకాణాలు తిరిగాం. అందరి ముందూ అదే లారీ పండ్లు. విడిభాగాల దుకాణం కూడా మూసి ఉంది, యజమాని ఇంట్లో పెళ్ళి. పండ్లూ అమ్మలేదు, హారనూ కొనలేదు, వెనక్కి తిరిగాం.

పండు పూర్తిగా మగ్గింది. ఆ ఎండలో ఇంకొక పగలు ఆగదు. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు. ఊరు దాటాక శైలజ, "ఇంగ తోట వదిలేస్తా పెద్దనాయనా. అత్తమ్మ చెప్పిందే నిజం" అంది. నేను బండి సరిగ్గా ఎంచాను, కానీ బండి ఎంచినంత మాత్రాన సరిపోలేదు. ఆమే వెనక్కి వంగి ఒక పండు తీసి బాషాకిచ్చింది. "తిను మామా. ఎట్లా పారబోసేదే గదా."

మెయిన్ రోడ్డు వదిలి పల్లెదారి పట్టాం. మిట్టమధ్యాహ్నం దాటింది. దారి మీద మేము తప్ప మనిషి లేడు, గొడ్డు లేదు. ఎండిన వాగు మీద చిన్న కల్వర్టు ఉంది. అది దాటగానే దారి మలుపు తిరుగుతుంది. మలుపులో ఒక ఊరు. ఊరి పేరు రాయను, ఎవరైనా పోయి అక్కడివాళ్ళను విసిగిస్తారని భయం.

ఆ మలుపులో హారన్ మోగింది.

పొడుగ్గా ఒకటి. పొట్టిగా రెండు.

దూరం నుంచి కాదు. మా బండిదే. ముందు రేకు అదిరింది, ఆ అదురు నా చెప్పుల కిందికి తెలిసింది. స్టీరింగు ముందున్న బొరుగు గింజలు ఎగిరి పడ్డాయి.

నేను మొదట బాషాను అనుమానించాను. తిరిగి చూస్తే, అతని నోటి నిండా మామిడి పండు. రసం గడ్డం మీదుగా చొక్కా మీదికి కారుతోంది. ఒక చేయి స్టీరింగు అంచు మీద, ఇంకో చేతిలో టెంక. కళ్ళు మాత్రం నా సంచి మీద. శైలజ కూడా నా సంచినే చూస్తోంది. సంచి నా ఒళ్ళో ఉంది. పైనుంచి తడిమాను. హారన్ అందులోనే ఉంది. బండిలో ఏ ఇనుము ముట్టుకున్నా చురుక్కుమంటున్న ఆ ఎండలో, అదొక్కటే చల్లగా ఉంది.

బాషా బండి ఆపాడు. ఇంకా ఎవరం మాట్లాడకముందే ఇళ్ళ తలుపులు తెరుచుకున్నాయి.

ఆడవాళ్ళు గిన్నెలు, చేటలు, బేసిన్లు పట్టుకుని వస్తున్నారు. కొందరు నిద్రలోంచి లేచి, జుట్టు ముడేసుకుంటూనే వస్తున్నారు. పిల్లలు "బొరుగుల బండీ, బొరుగుల బండీ" అని అరుస్తూ ముందు పరిగెత్తారు. అందరికంటే ముందు ఒక అవ్వ. లింగమ్మవ్వ అని తర్వాత తెలిసింది. చేతిలో పెద్ద ఇత్తడి గిన్నె, అందులో వేరుశనక్కాయలు. ఆ ఊళ్ళో బొరుగులకు ఇంకా గింజలు మార్చుకునే పాత పద్ధతి ఉంది. ఆమె దూరం నుంచే తిట్లు మొదలుపెట్టింది.

"యాడ సచ్చినావు సాయిబూ ఇన్నాళ్ళు? బొరుగుల్లేక ఉగ్గాని మొగం చూసి యాడాదాయె! నీ కాళ్ళిరగా, ఈ దావే మర్సిపోయినావా?"

కిటికీ దగ్గరికి వచ్చి వంగి చూసింది. మామిడి రసంతో మెరుస్తున్న బాషా గడ్డం కనిపించింది.

"నువ్వెవరప్పా? మా సాయిబు యాడ?"

బాషా మింగి, మూతి తుడుచుకుని, మెల్లగా చెప్పాడు. "ఆయన లేడవ్వా. పోయి శానా దినాలాయె. బండి మేము కొనుక్కున్నాం."

గిన్నెలు కిందికి దిగాయి. పిల్లలు కూడా ఆగిపోయారు. ఆ ఊరికి ఆయన పోయిన సంగతి తెలియదు. రావడం మానేశాడని కోపంగా ఉన్నారంతే. లింగమ్మవ్వ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. తర్వాత తలెత్తింది.

"మరి హారన్ ఎవరు కొట్టిరి?"

నేను దిగాను. సంచిలోంచి పొట్లం తీసి, కాగితం విప్పి చూపించాను. అందరూ మూగి చూశారు. ఎవరూ ముట్టుకోలేదు. అవ్వ వంగి చూసి, తల అడ్డంగా ఊపి, ఉన్నట్టుండి నవ్వింది.

"వాని కడుపు సల్లగుండ! పోయినా పిలిసేది మాన్లేదు సూడు."

ఆమె నవ్వుతో మిగతావాళ్ళకూ ఊపిరి తిరిగింది. ఎవరో ముక్కు ఎగబీల్చారు. "లోపల ఏముండాదమ్మీ, ఇట్లా వాసన కొడతాండాది?"

"మామిడి పండ్లు" అంది శైలజ భయం భయంగా. "బొరుగులు లేవక్కా."

అప్పుడు లింగమ్మవ్వ అన్న మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. "లేకపోతే లేకపాయె. అమ్మనొచ్చినోని కాడికి తెచ్చిన గిన్నె ఉత్తగా ఇంట్లోకి తీసుకపోకూడదు. మా యత్త నేర్పింది. ఆ పండ్లే వెయ్యమ్మీ."

అది ఆ ఊరి పద్ధతట. గిన్నె గడప దాటి బయటికి వచ్చిందంటే, ఏదో ఒకటి నిండి లోపలికి పోవాలి. ఒక్క ఆడమనిషీ ఖాళీ గిన్నెతో వెనక్కి తిరగడానికి ఒప్పుకోలేదు. వెనక తలుపు తీశాం. తర్వాత జరిగినదాన్ని తిరునాళ్ళ అనాలి. తక్కెడ లేదు, గిన్నెలే కొలత. కొందరు డబ్బిచ్చారు, కొందరు వేరుశనగలు పోశారు, ఒకామె కొర్రలు తెచ్చింది. బాషా బండి మీద నిలబడి బొరుగుల సాయిబు వారసుడిలా కేకలు వేశాడు. "రాండమ్మా రాండి, పలుకు లేని బండి, పంచదార పండు!" పక్క ఊరికి ఎవరో ఫోన్ చేస్తే, అక్కడి నుంచి ట్రాక్టరు వేసుకుని వచ్చారు. పిల్లలు మోచేతుల దాకా రసం కార్చుకుంటూ టెంకలు చీకారు. నేను కూడా కల్వర్టు గోడ మీద కూర్చుని, పళ్ళెం లేకుండా, కత్తి లేకుండా పండు తిన్నాను. చొక్కా పాడైంది.

లోడంతా అయిపోయింది. అత్తగారి కోసమని శైలజ దాచిన బుట్ట కూడా అవ్వ వదల్లేదు. "మీ యత్తకు శనక్కాయలు తీసుకపో" అంది.

ఇక నేను చేయగలిగింది నేను చేశాను. బండి కిందికి దూరి చూశాను. టేపు చుట్టిన వైరు కొసలు నేను చుట్టినట్టే, విడివిడిగా ఉన్నాయి. ఆ వేళకు ఆ ఊరికి బస్సు లేదు. ఊళ్ళో ఆటోలు, మోటారుసైకిళ్ళు ఉన్న ప్రతి ఇంటికీ వెళ్ళి వాటి హారన్లు కొట్టి చూపించమని అడిగాను. పాపం, అందరూ కొట్టి చూపించారు. ఒక్కటీ ఆ గొంతు కాదు. ఆడవాళ్ళను విడివిడిగా అడిగాను. ఊరి ఆ కొసనున్నవాళ్ళు కూడా ఒకే మాట చెప్పారు, పొడుగ్గా ఒకటి, పొట్టిగా రెండు. బనగానపల్లెలో ఒక ఎలక్ట్రీషియన్ చేత హారన్ విప్పించాను. లోపల కాయిల్ మాడి నల్లబడి ఉంది. ఇది మోగి చాలా కాలమైందని, ఇక మోగదని చెప్పాడు.

ఆ వారంలోనే మామిడి పండ్లు తీసుకుని డోన్ వెళ్ళి ఖాజాబీకి జరిగింది చెప్పాం. నేను హారన్ మోగిందన్నానే గానీ ఎలా మోగిందో చెప్పలేదు. ఆమె అడిగింది.

"పొడుగ్గా ఒకటి, పొట్టిగా రెండా?"

అవునన్నాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఆ ఊరి కాడ మాత్రమే అట్లా కొడతాండె అన్నా. ఆ అవ్వ తిట్లు తింటే గానీ ఆయప్పకు మధ్యాన్నం అన్నం అరగదంట."

ఆ వేసవిలో తోట పండ్లు ఒక్కటీ నేల పాలు కాలేదు. శైలజ కర్నూలు దుకాణాల మాటే ఎత్తలేదు. హుసేన్ సాబు తిరిగిన పల్లెలన్నీ ఖాజాబీ చెబుతుంటే విని, అదే దారి పట్టింది. ఖాజాబీ బొరుగులు వేయించే భట్టీని మళ్ళీ వెలిగించింది. మామిడి ఉన్నన్నాళ్ళు బండి ముందుభాగంలో బొరుగులు, వెనక పండ్లు. మామిడి అయిపోయాక బండి నిండా బొరుగులే. బాషా దగ్గర తోలడం నేర్చుకుని శైలజే తోలుతోంది. అత్తగారు ఇప్పుడు ఆదివారాలు పక్క సీట్లో కూర్చుని పోతున్నారని విన్నాను. తోట గుత్త ఈ ఏడాది కూడా ఆమెదే.

కొత్త హారన్ నేనే బిగించాను. ఆ మలుపులో శైలజ పొడుగ్గా ఒకటి, పొట్టిగా రెండు కొడుతుంది. గిన్నెలు వస్తాయి. అవ్వ తిట్లూ వస్తాయి. తనంతట తాను మోగడం మాత్రం మళ్ళీ ఎప్పుడూ జరగలేదు.

పాత హారన్ నా బల్ల మీద ఉంది. ఇంట్లో తుప్పు ఇనుము కనిపిస్తే ఊరుకోని మా ఆవిడ, దాన్ని మాత్రం తనే తుడిచి మళ్ళీ అక్కడే పెడుతుంది. ఆనాటి డైరీలో ఇలా ఉంది: "ఎండ. కర్నూలు ప్రయాణం. పండ్లన్నీ అమ్ముడుపోయాయి. హారన్ మోగింది." అంతకు మించి ఏం రాయాలో ఆ రోజూ తెలియలేదు, ఈ రోజూ తెలియదు.

శబ్దం వచ్చిందంటే ఎక్కడో ఏదో వదులైందని అర్థం అన్నాను. ఎంత వెతికినా ఈసారి ఆ వదులైందేదో నాకు దొరకలేదు. దొరికినా బిగించను.